కొండ మీది రిట్జ్ హోటల్ ఎందుకు శిథిలమైంది, మళ్లీ నిలబెట్టాలంటే పని ఏ వరసలో జరగాలి

ప్రశ్న: హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ ఒకప్పుడు రిట్జ్ హోటల్‌గా నడిచింది. మా ఇంట్లో పెద్దవాళ్ల పెళ్లి విందు కూడా అక్కడే జరిగింది. అంత గట్టి కట్టడం పాతికేళ్లలో ఇంతగా ఎలా పాడైంది? దాన్ని మళ్లీ హోటల్ చేయడం కుదిరే పనేనా? మాలాంటి వాళ్లం చేయగలిగిందేమైనా ఉందా?

జవాబు:

హోటల్‌కు తాళం పడ్డాక భవనం పాడైందని అందరూ అనుకుంటారు. లీజు మీద నడిచిన పాత మహళ్లలో చాలావాటికి జబ్బు అంతకు ముందే మొదలై ఉంటుంది. లీజు ఇంకా ఐదారేళ్లు ఉందనగా అద్దెదారు కప్పు మీద ఖర్చు ఆపేస్తాడు. గడువు తీరేదాకా అది తన పని కాదని యజమాని కూర్చుంటాడు. ఆ ఐదారు వానాకాలాల్లో కప్పు ఎవరిదీ కాదు. తాళం పడే రోజుకు లోపల సగం నష్టం జరిగిపోయి ఉంటుంది, బయటికి కనబడదు, అంతే. కాబట్టి మీ మూడు ప్రశ్నల్లోనూ ముందు చూడాల్సింది కప్పును, ఆ తర్వాత లీజు కాగితాన్ని.

ముందు చరిత్ర క్లుప్తంగా. 1915లో సర్ నిజామత్ జంగ్ తన నివాసంగా దీన్ని కట్టించారు. ఆయన కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చదివి వచ్చి, హైదరాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగినవారు. ఇంగ్లిష్‌లో కవిత్వం రాసేవారు. భవనం రూపంలో ట్రినిటీ పోలికలు ఉన్నాయని చెబుతారు. ఆయన దగ్గర్నుంచి ఇది నిజాం చేతికి వెళ్లి, ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాహీ నివాసమైంది. మొజంజాహీ మార్కెట్ ఈయన పేరు మీదే ఉంది, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును నడిపించిందీ ఈయనే. పోలీసు చర్య తర్వాత భవనం సర్కారు చేతికొచ్చింది. 1950ల్లో దీర్ఘకాలపు లీజు మీద రిట్జ్ హోటల్ అయింది. అటు అసెంబ్లీ, ఇటు ఫతేమైదాన్, కింద ఆబిడ్స్. ఊళ్లో పెద్ద హోటళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో అతిథిని దించడానికి ఇంతకంటే మంచి చోటు దొరికేది కాదు. డెబ్బైలు, ఎనభైల్లో బంజారాహిల్స్ వైపు వందల గదుల హోటళ్లు లేచాయి. వాటికి సెంట్రల్ ఏసీ, లిఫ్టు, పెద్ద విందు హాళ్లు ఉండేవి. గదులు తక్కువ, గోడలు మందం, మరమ్మతు ఖరీదు ఎక్కువ ఉన్న పాత మహల్ వాటితో అద్దె పోటీలో నిలవలేదు. 1990ల్లో లీజు గడువు తీరింది, హోటల్ ఆగింది. తర్వాత పర్యాటక శాఖ చేతికొచ్చి, ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. దీని సంరక్షణ కోసం హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా నడిచింది.

ఇక కప్పు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

వందేళ్ల కిందటి హైదరాబాద్ కట్టడాల్లో కప్పులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి మద్రాస్ టెర్రస్. టేకు దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద సన్నటి ఇటుకలు ఐమూలగా నిలబెట్టి డంగు సున్నంతో (గానుగలో రుబ్బిన సున్నంతో) కట్టిన పొర, ఆ పైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు, దాని మీద గచ్చు. రెండోది జాక్ ఆర్చ్. ఇనుప దూలాల నడుమ చిన్న చిన్న ఇటుక కమానులు, పైన సున్నం కాంక్రీటు. రెండూ గట్టివే, కానీ రెండింటికీ ఒక షరతుంది. లోపలికి దిగిన చెమ్మ మళ్లీ బయటికి ఆరిపోవాలి. సున్నం ఊపిరి పీల్చే పదార్థం కాబట్టి ఆ పని జరుగుతుంది. తడిసిన కప్పు ఎండకు ఆరుతుంది, సన్నటి పగుళ్లను సున్నం కొంతవరకు తనే పూడ్చుకుంటుంది.

హోటల్ నడిచే రోజుల్లో కప్పు కురిసిందనుకోండి. గదిలో అతిథి ఉన్నాడు, మేనేజర్‌కు రేపటికల్లా ఆగాలి. మేస్త్రీని పిలిస్తే పైన అంగుళం మందాన సిమెంటు పూత వేస్తాడు. ఆ ఏడాది ఆగుతుంది. సిమెంటు బిరుసు, కింద సున్నం మెతక, ఎండకు రెండూ ఒకేలా సాగవు. మూడో ఏటికి సిమెంటు పూత వెంట్రుక మందాన చిట్లుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు దిగుతాయి, పైకి మాత్రం ఆరవు. మళ్లీ కురుస్తుంది, మళ్లీ ఒక పూత. అంగుళం సిమెంటు పూత చదరపు మీటరుకు 50 కిలోలు తూగుతుంది. నలభై ఏళ్లలో అలాంటివి మూడు పడితే 150 కిలోలు. హోటల్ గదుల నేలకు ఇప్పటి ప్రమాణాల ప్రకారం లెక్కగట్టే వాడుక బరువే చదరపు మీటరుకు 200 కిలోలు. అంటే మరమ్మతు పేరుతో కప్పు నెత్తిన దాదాపు ఇంకో అంతస్తు వాడుక బరువు ఎక్కించినట్టు. కింద దూలాల కొనలేమో గోడలో నానుతూ కుళ్లుతుంటాయి.

కుళ్లు మొదలయ్యేది ఎక్కువగా దూలం కొనలోనే. గోడలోకి దూరిన ఆ 9 అంగుళాల ముక్కకు గాలి తగలదు. కింద నిలబడి చూస్తే దూలం నిగనిగలాడుతూ కనిపిస్తుంది. పరీక్ష సులువు. నిచ్చెనేసుకుని ఎక్కి, గోడ అంచు దగ్గర దబ్బనంతోనో సన్నటి స్క్రూడ్రైవర్‌తోనో పొడవండి. మంచి టేకులో మొన రెండు మూడు మిల్లీమీటర్లు దిగి ఆగిపోతుంది. కుళ్లిన చోట రొట్టెలో దిగినట్టు రెండు అంగుళాలు దిగుతుంది, బయటికి తీస్తే మొనకు గోధుమరంగు పొడి అంటుకుని వస్తుంది. తేమ మీటరు ఉంటే కర్రలో 20 శాతం దాటిన చోటల్లా అనుమానించాల్సిందే. జాక్ ఆర్చ్‌లో గుర్తు వేరు. ఇనుప దూలం అడుగు రెక్క వెంబడి గీత గీసినట్టు పొడుగ్గా సున్నం రాలుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది, ఆ ఉబ్బే కమాను ఇటుకలను పక్కకు నెడుతుంది. గీత కనిపించిన గదిలో మంచం కూడా వేయకూడదు.

తూములు మరిచిపోవద్దు. పాత కప్పుల నుంచి నీళ్లు బయటికి వెళ్లేది పిట్టగోడలోని తూముల గుండా. గంటకు 100 మిల్లీమీటర్ల వాన లెక్కన 100 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పు నీళ్లనే మోయగలదు. వెయ్యి చదరపు మీటర్ల కప్పుకు పాతిక గొట్టాలు కావాలన్నమాట. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో ఇరవై నాలుగు గంటల్లో 19 సెంటీమీటర్ల వాన పడింది. అంత కప్పు మీద అది 1 లక్షా 90 వేల లీటర్లు. తూములు సగం పూడి ఉంటే 10 సెంటీమీటర్ల నీళ్లు నిలుస్తాయి, చదరపు మీటరుకు ఇంకో 100 కిలోలు. పాత కప్పులు కూలేది ఎక్కువగా అలాంటి రాత్రుల్లోనే. దాన్ని ఆపడానికి కావాల్సింది ఒక మనిషి, ఒక గంప, మృగశిర కార్తెకు ముందు రెండు రోజుల పని. తాళం పడిన భవనంలో ఆ మనిషే ఉండడు.

రెండో పెద్ద నష్టం స్నానాల గదుల వల్ల. రాజుల కాలంలో ఇరవై గదులకు నాలుగైదు స్నానాల గదులుండేవి, నీళ్లు మోసి తెచ్చేవారు. హోటల్ అనగానే ప్రతి గదికీ ఒకటి కావాలి. మామూలు హోటళ్లలో మంచానికి రోజుకు 180 లీటర్ల నీళ్లు లెక్కగట్టమని భారత ప్రమాణాలు చెబుతాయి. అన్ని నీళ్లు ఎప్పుడూ చూడని పై అంతస్తు నేల మీదికి ఒక్కసారిగా వచ్చిపడతాయి. మేస్త్రీ మామూలు ఇళ్లలో చేసినట్టే చేస్తాడు. నేలను అడుగు ఎత్తు పెంచి, గొట్టాలు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తాడు. అడుగు మందం ఇటుక ముక్కలు చదరపు మీటరుకు 540 కిలోల దాకా తూగుతాయి. నాలుగు చదరపు మీటర్ల చిన్న బాత్రూమ్‌కే రెండు టన్నులు. ఆ గొట్టాల్లో ఒక్క అతుకు చెమర్చినా ఏళ్ల పాటు ఎవరికీ తెలియదు. కింది గది సీలింగ్‌లో పసుపు మరక కనిపిస్తే పెయింటర్‌ను పిలుస్తారు. ఆ మరక కింద దూలం ఎలా ఉందో చూసేవాళ్లుండరు. కిటికీ ఏసీలదీ ఇదే తంతు. వానాకాలంలో ఒక్కో ఏసీ నుంచి గంటకు లీటరు దాకా నీళ్లు కారతాయి, సన్నటి పైపు పెట్టకపోతే అవన్నీ గోడకే.

మూడోది తాళం. మనుషులు తిరిగే భవనంలో కిటికీలు తెరుస్తారు, గాలి ఆడుతుంది, నిమ్ము ఆరుతుంది. మూసేస్తే రెండు మూడేళ్లకే పిట్టగోడ పగుళ్లలో పక్షులు వేసిన రావి గింజలు మొలుస్తాయి. ఐదేళ్లకు వేరు పగులులోకి దిగి రాతిని ఎత్తుతుంది. ఈలోగా ఇత్తడి బోల్టులు, రాగి తీగలు, టేకు చట్రాలు మాయమవుతాయి. చట్రం పోయిన కిటికీలోంచి జల్లు నేరుగా గదిలోకి కొడుతుంది. పదో ఏడు దాటితే పాడవడం అంకగణితంలో సాగదు, వడ్డీ మీద వడ్డీలా పెరుగుతుంది. ఒక గది కప్పు పడితే పక్క గదుల గోడలకు పైనుంచి గొడుగు పోయినట్టే.

ఇవన్నీ లీజు కాగితంలో ముందే అడ్డుకోవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరే మాట లేకపోతే, మామూలు అరుగుదల పోను ఆస్తిని తీసుకున్న స్థితిలోనే అద్దెదారు తిరిగి ఇవ్వాలి. వినడానికి బాగుంది. కానీ తీసుకున్న రోజు స్థితి ఏమిటో ఫొటోలతో, కొలతలతో రాసి పెట్టకపోతే దాన్ని కోర్టులో నిరూపించడం ఎలా? నలభై ఏళ్ల తర్వాత ఎవరూ నిరూపించలేరు. "మామూలు అరుగుదల" అన్న మాట కింద కుళ్లిన దూలం కూడా దాక్కుంటుంది.

మళ్లీ హోటల్ చేయడం కుదురుతుందా అంటే, కుదురుతుంది. మన ఊళ్లోనే రుజువుంది. ఫలక్‌నుమా 1884లో వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన మహల్, దశాబ్దాలు మూతపడి ఉంది. నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా పర్యవేక్షణలో పదేళ్ల పని తర్వాత 2010 నవంబర్‌లో 60 గదుల హోటల్‌గా తెరుచుకుంది. అక్కడ నేర్చుకోవాల్సింది ఆ పదేళ్ల ఓపికను. రిబ్బన్ కత్తిరించే తేదీ ముందు ఖాయం చేసి పని మొదలుపెట్టిన చోటల్లా సున్నం ఆరకముందే రంగు వేస్తారు, మూడో వానకు అది బొబ్బలు కట్టి రాలుతుంది.

పని వరస ఇది. వరస తప్పితే ఎంత డబ్బు పోసినా వృథా.

మొట్టమొదట కప్పు మీద తాత్కాలిక కప్పు. ఇనుప గొట్టాల చట్రం కట్టి, జింకు రేకులు పరిచి, నీళ్లు భవనానికి కనీసం ఆరడుగుల దూరంలో పడేలా మళ్లించాలి. కూలేలా ఉన్న గదుల్లో కింద నుంచి ఆసరాలు పెట్టాలి. ఆ ఆసరా కింది అంతస్తు నేల మీద ఆగకుండా భూమి దాకా దిగాలి, లేకపోతే బరువంతా ఇంకో బలహీనమైన కప్పు మీద పడుతుంది. ఇదంతా మే నెలలోపు జరగాలి. డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) వచ్చాక, టెండర్ పిలిచాక అని దీన్ని ఆపితే, డీపీఆర్ చేతికొచ్చేసరికి అందులో రాసిన భవనం ఉండదు.

రెండోది కొలతలు, పగుళ్ల పరిశీలన. ప్రతి గదికీ గీసిన పటం కావాలి, ప్రతి తలుపుకూ నంబరు వేయాలి. పగులు పాతదా, ఇంకా కదులుతోందా తెలియాలంటే పాత పద్ధతే మేలు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం అద్దం ముక్కను పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొనలకూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పెట్టి, పక్కన తేదీ రాయాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటినా అద్దం చిట్లకపోతే ఆ పగులును సున్నంతో పూడ్చేయొచ్చు. చిట్లితే పునాది దగ్గరో, మురుగు కాలువ దగ్గరో కారణం వెతకాలి. కొండ మీది కట్టడాలకు కింద రాయి ఉండటం వల్ల పునాది కుంగడం అరుదు. పాత మురుగు గొట్టం పగిలి గోడ అడుగును నానబెట్టడం మాత్రం తరచూ కనిపిస్తుంది.

మూడోది చెట్లు. రావి, మర్రి మొక్కలను ఎప్పుడూ పీకొద్దు. పీకితే వేరు సగం తెగి లోపల ఉండిపోతుంది, దాంతోపాటు రాళ్లూ ఊడొస్తాయి. మొదలు రెండు మూడు అంగుళాలు ఉంచి కోయాలి. కోసిన వెంటనే మొదట్లో ఏటవాలుగా రంధ్రాలు వేసి కలుపు మందు పోసి, పైన పాలిథిన్ కట్టేయాలి. చిగురు వేస్తే మళ్లీ పోయాలి. వేరు పూర్తిగా ఎండాక ఆ వరస రాళ్లు విప్పి, వేరు తీసి, అవే రాళ్లు సున్నంలో తిరిగి కట్టాలి.

నాలుగోది అసలు కప్పు. పై సిమెంటు పొరలు సుత్తి, ఉలితో చేత్తోనే తీయాలి. బ్రేకర్ మిషన్ పెడితే అదురుకు కింది కమానులు జారతాయి. ఒకేచోట అంతా విప్పకుండా మూడు నాలుగు అడుగుల పట్టీలుగా, అటో పట్టీ ఇటో పట్టీ విప్పాలి. దూలం కొన కుళ్లితే దూలమంతా మార్చక్కర్లేదు. మంచి కర్ర దాకా కోసి, పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలిపి, రెండు వైపులా స్టీలు పలకలు పెట్టి బోల్టులు బిగించాలి. గోడలో దూరే కొన చుట్టూ అంగుళం గాలి సందు వదలాలి. ఆ అంగుళం సందే దానికి ఇంకో వందేళ్లు ఇస్తుంది. సిమెంటుతో బిగించి పూడ్చేస్తే ఇరవై ఏళ్లకే మళ్లీ కుళ్లుతుంది.

సున్నం ఎలా చేస్తారో తెలియని కాంట్రాక్టరు చేతిలో ఈ పని పెట్టకూడదు. రాతి సున్నాన్ని నీటి తొట్టిలో చల్లార్చి, జల్లెడ పట్టి, కనీసం మూడు నాలుగు వారాలు నీళ్ల కింద నాననివ్వాలి. సగం చల్లారిన గింజ గోడలోకి పోతే ఆరు నెలల తర్వాత అక్కడ ఉబ్బి, గచ్చులో కందిగింజంత గుంట పడేలా పగులుతుంది. గారకు సున్నం ఒక పాలు, సుర్కీ ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. సుర్కీ అంటే బాగా కాలిన ఇటుక పొడి, ఫ్లైయాష్ ఇటుక పొడి పనికిరాదు. గానుగలో రుబ్బితే వేళ్ల మధ్య వెన్నలా జారాలి. కప్పు కాంక్రీటుకు అంగుళం లోపు ఇటుక ముక్కలు పరిచి, రోజుల తరబడి కర్ర దిమ్మిసలతో కొడతారు. కొట్టేటప్పుడు చల్లే నీళ్లకు 60 లీటర్లకు సుమారు 3 కిలోల బెల్లం, కిలోన్నర మారేడు గుజ్జు కలుపుతారు. మారేడు బదులు కరక్కాయ నానబెట్టిన నీళ్లు వాడే మేస్త్రీలూ ఉన్నారు. దిమ్మిస కొడితే అడుగున దిగకుండా ఠంగుమని ఎగిరితే చాలినట్టు. తర్వాత గోనెపట్టాలు కప్పి కనీసం పది రోజులు తడుపుతూ ఉండాలి. మే ఎండలో సున్నం పని పెట్టుకోవద్దు. పైపొర ఎండి లోపల పచ్చిగా ఉండి పొట్టులా లేస్తుంది. దసరా నుంచి శివరాత్రి దాకా మంచి అదను.

గోడల సిమెంటు గచ్చు కూడా తీసేయాలి. తీశాక ఆర్నెల్లు గోడను ఖాళీగా వదలాలి, తెల్లటి ఉప్పు బయటికొస్తుంటే పొడి బ్రష్‌తో దులపాలి, కడగకూడదు. కడిగితే ఉప్పు కరిగి లోపలికే పోతుంది. కొత్త సున్నం గచ్చు ఒక్కో పొర అర అంగుళం దాటకూడదు. గోడలకు పైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు వేస్తే ఇంత శ్రమా మళ్లీ మొదటికొస్తుంది. సున్నపు వెల్లే వేయాలి.

గొట్టాలు, కరెంటు, ఏసీ చివర్లో వస్తాయి, కానీ వాటి పటం మాత్రం మొదట్లోనే గీయాలి. స్నానాల గదులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేలా సర్దాలి. నేల పూడ్చకుండా తేలికపాటి చట్రం మీద నేలను ఎత్తి, కమోడ్ గోడకు వేలాడే రకం పెట్టాలి, గొట్టాలు కళ్లకు కనిపించేలా వెనక షాఫ్టులో (వాటికోసం వదిలిన నిలువు సందులో) దించాలి. అన్నిటికంటే మేలైన దారి వేరే ఉంది. పాత మహల్‌లో తక్కువ గదులు, భోజనశాల, పుస్తకాల గది ఉంచి, వంటశాల, జనరేటర్, నీళ్ల ట్యాంకులు, లిఫ్టు, మిగతా గదులు వెనకవైపు విడిగా కట్టే తక్కువ ఎత్తు భవనంలో పెట్టడం. ట్యాంకు నీళ్లు వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. పాత కప్పు మీద ఒక్క ట్యాంకు కూడా ఉండకూడదు.

డబ్బు లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే, ఈ భవనం తాలూకు అంచనాలు కావు. 30 గదులు, ఏడాది పొడుగునా 60 శాతం నిండితే 6,570 రాత్రులు. రాత్రికి 10,000 చొప్పున 6 కోట్ల 57 లక్షలు. భోజనాలు, విందులు కలిపి ఇంకో అంత వచ్చిందనుకుంటే 13 కోట్ల పైచిలుకు. అందులో నడిపే ఖర్చు పోను 30 శాతం మిగిలితే సుమారు 3 కోట్ల 90 లక్షలు. బాగుచేయడానికి 50 కోట్లు అప్పు తెస్తే 9 శాతం వడ్డీయే 4 కోట్ల 50 లక్షలు. వడ్డీకే చాలదు. అందుకే ప్రైవేటు వాళ్లకు మొత్తం భారం పెట్టి టెండర్ పిలిస్తే ఎవరూ రారు, లేదా వచ్చినవాళ్లు స్థలంలో పెద్ద భవనాలు అడుగుతారు. గోడలు, కప్పు, దూలాల ఖర్చు సర్కారు పెట్టి, లోపలి అలంకరణ, యంత్రాలు నడిపేవాళ్లు పెడితేనే లెక్క కుదురుతుంది. అప్పులో 30 కోట్లు సర్కారు మోస్తే, నడిపేవాళ్ల వడ్డీ 1 కోటి 80 లక్షలకు దిగుతుంది, అసలు తీర్చడానికి చోటుంటుంది.

ఆ లీజులో కొన్ని మాటలు తప్పక ఉండాలి. రాబడిలో 4 శాతం, పై లెక్కలో ఏడాదికి సుమారు 52 లక్షలు, విడి ఖాతాలో పడాలి, ఇద్దరి సంతకాలు లేకుండా కదలకూడదు, కప్పు, గోడల మరమ్మతుకే వాడాలి. మొదటి రోజు స్థితి పత్రం ఫొటోలతో సహా లీజుకు జతగా రిజిస్టర్ కావాలి. ప్రతి ఏడాదీ మే నెలాఖరులోపు బయటి సంరక్షణ ఇంజినీరు కప్పు ఎక్కి చూసి సంతకం పెట్టాలి. గడువుకు ఐదేళ్ల ముందు రెండో పూర్తి పరిశీలన జరిగి, అప్పుడు కనిపించిన మరమ్మతులన్నీ అద్దెదారు చేయాలి, లేదా అంత సొమ్ము జమ చేయాలి. అదే ఏడు పొడిగింపా, కొత్త టెండరా అన్నది తేలిపోవాలి. గడువు తీరిన తెల్లారి తాళం పడకుండా, ఒక్క వానాకాలం కూడా ఖాళీ లేకుండా చేతులు మారాలి. నేనైతే మిగతా షరతులన్నీ వదులుకుని ఈ ఐదేళ్ల షరతు ఒక్కటి పట్టుకుంటాను.

చట్టం అండ కొంత ఉంది, బలంగా లేదు. హుడా (అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) నిబంధనల్లోని 13వ నియమం కింద ఉన్న వారసత్వ కట్టడాల జాబితా రక్షణ 2015లో పోయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ అనే పాత మహల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు కూల్చివేతను ఆపగలదు గానీ తూములో ఆకులు తీయలేదు కదా. కాబట్టి మూడో ప్రశ్నకు వస్తాను.

మీరు చేయగలిగినవి రెండున్నాయి. ఒకటి సమాచార హక్కు దరఖాస్తు. 10 రూపాయల రుసుముతో సంబంధిత శాఖ సమాచార అధికారికి పంపితే 30 రోజుల్లో జవాబు రావాలి. "ఎందుకు బాగుచేయలేదు" అని అడిగితే ఏమీ రాదు. కాగితాలే అడగండి: ఆఖరి నిర్మాణ పటిష్ఠత నివేదిక నకలు, గత మూడేళ్లలో మంజూరైన, ఖర్చైన మొత్తాలు, ఈ ఏడాది వానలకు ముందు కప్పు, తూములు శుభ్రం చేసిన పని ఆర్డరు నకలు. మూడోదానికి జవాబు లేకపోతే ఆ లేకపోవడమే మీకు సాక్ష్యం.

రెండోది మీ ఇంట్లోనే ఉంది. ఆ పెళ్లి విందు ఆల్బమ్ బయటికి తీయండి. పని మొదలైన రోజున ఇంజినీర్లకు అన్నిటికంటే కరువయ్యేది లోపలి వివరం: కార్నిస్ (గోడ పైఅంచు పట్టీ) మీది నగిషీ, కిటికీ రెక్కల గడులు, నేల మీది రంగు టైల్స్ వరస, మెట్ల కటకటాల ఆకారం. పెళ్లివారి వెనక గోడ మీద అవన్నీ పడి ఉంటాయి. ఫొటో మీద ఫోన్ పెట్టి తీస్తే అంచులు వంగుతాయి. ఆల్బమ్ నుంచి జాగ్రత్తగా విడదీసి, 600 డీపీఐలో స్కాన్ చేయించండి, ఫొటో వెనక తేదీ, స్టూడియో ముద్ర ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయించండి. ఏ గదిలో, ఏ దిక్కుకు తిరిగి తీసిందో ఇంటి పెద్దలను అడిగి, ఇప్పుడే ఒక కాగితం మీద రాయించుకోండి.